ఒక జీతం, మూడు యూనిట్లు

నాన్న పోయాక ఆయన ట్రంకు పెట్టె సర్దే పని నా మీద పడింది. పాత పాసుబుక్కులు, రైల్వే పాసులు, మా స్కూలు ఫోటోల అడుగున రెండు పుస్తకాలు దొరికాయి. ఒకటి అమ్మ రాసిన జమాఖర్చుల పుస్తకం. రెండోది యూనియన్ వాళ్ళు ఎప్పుడో అచ్చు వేయించిన పల్చటి పుస్తకం. అందులో ఒకచోట నాన్న ఎర్ర సిరాతో గీత గీశారు. ఒక జీతం మీద బతికే కుటుంబమంటే మూడు యూనిట్లట. భర్త 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6.

అమ్మకి చదివి వినిపించాను. చింతపండు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"మిగతా 0.2 ఎవరు తిన్నారే?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కూడా ఇరవై ఏళ్ళుగా ఒక జీతం మీద ఇల్లు నడుపుతున్న దాన్నే. ఈ 0.8 ఎక్కడ పుట్టింది, ఎవరు లెక్క కట్టారు, మన ఇళ్ళలోకి ఎలా వచ్చింది అని వెతకడం మొదలుపెట్టాను. తెలిసింది మీతో పంచుకుందామని ఇలా కూర్చున్నాను.

ముందుగా ఒక మాట. "మగవాడు సంపాదించడం, ఆడది ఇల్లు చూసుకోవడం అనాదిగా ఉన్నదే కదా" అని మనం అలవాటుగా అనేస్తాం. మా అమ్మమ్మని తలుచుకుంటే అది నిజం కాదనిపిస్తుంది. కృష్ణా జిల్లాలో వాళ్ళది రెండెకరాల సేద్యం. ఊడ్పుల రోజుల్లో అమ్మమ్మ తెల్లారకముందే చేలో దిగేది. ఇంటికొచ్చి గేదె పాలు పితికి, వాడకం పోగా మిగిలినవి పోసేది. పిడకలు చేసేది, వడియాలు పెట్టేది, విత్తనాలు దాచేది. వాళ్ళింట్లో జీతం అనే మాటే లేదు. గింజలు, పాలు, పెరటి కాయలు, నాలుగు రూపాయలు అన్నీ కలిస్తేనే ఆ ఇల్లు నడిచేది. అమ్మమ్మ సంపాదన ఏది, తాతయ్య సంపాదన ఏది అని విడదీయమంటే ఎవరివల్లా అయ్యేది కాదు.

విడదీసింది జీతం. నాన్నకి 1975లో విజయవాడలో రైల్వే ఉద్యోగం వచ్చింది. అన్నిటికన్నా కింది స్కేలు, 196 రూపాయలతో మొదలు. మరుసటి ఏడాది పెళ్ళి. అమ్మ గేదెని, పెరడుని, ఊడ్పులని ఊళ్ళో వదిలేసి రెండు గదుల క్వార్టర్‌కి వచ్చింది. పని తగ్గిందా అంటే లేదు. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో సంపాదించేది ఒక్కరే అని లోకం అంది, అమ్మా అలాగే అనుకుంది. అంటే మనం అనాది అనుకునే ఈ పద్ధతి మా ఇంటికి సంబంధించినంత వరకు అమ్మతో మొదలైంది. మీ ఇళ్ళలో కూడా ఒకటి రెండు తరాలు వెనక్కి వెళ్ళి చూడండి, చాలామందికి ఇదే కనిపిస్తుంది.

సరే, ఒక్క జీతం మీద ఇల్లంతా బతకాలి, జీతం ఆ లెక్కన ఉండాలి అన్న ఆలోచన ఎక్కడిది? కార్మికుల జీతాల చరిత్రలో తరచూ చెప్పే తీర్పు ఆస్ట్రేలియాలో 1907లో వచ్చింది. కోత యంత్రాలు తయారు చేసే ఒక ఫ్యాక్టరీ వ్యవహారంలో జస్టిస్ హిగ్గిన్స్, యజమాని ఎంత ఇవ్వగలడు అని కాకుండా, పనివాడు, భార్య, ముగ్గురు పిల్లలు పొదుపుగానైనా మర్యాదగా బతకడానికి ఎంత కావాలి అని చూశారు. రోజుకి 7 షిల్లింగులని తేల్చారు. ఎంత మంచి ఆలోచన! కానీ దాని నీడ కూడా దాంతోనే వచ్చింది. కుటుంబాన్ని పోషించేది మగవాడే అని లెక్క కట్టారు కాబట్టి, పనిచేసే ఆడదానికి అంత అక్కర్లేదన్నారు. 1919లో అక్కడ స్త్రీలకు నిర్ణయించిన కనీస వేతనం మగవాళ్ళ దానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే.

మన దేశానికి వద్దాం. 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. రాజ్యాంగం 43వ అధికరణ పనిచేసే వాళ్ళందరికీ బతకడానికి సరిపడే వేతనం అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలంది. సరిపడేది అంటే ఎంత? ఆ ప్రశ్నకి జవాబు 1957 జూలైలో ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక సమావేశంలో వచ్చింది. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ముగ్గురూ ఒప్పుకున్న సూత్రాలవి. నాన్న గీత గీసింది వీటి మీదే.

ఒకటి, సంపాదించే ఒక్కడికి మూడు యూనిట్ల కుటుంబం. ఆడవాళ్ళ, పిల్లల సంపాదన లెక్కలోకి తీసుకోకూడదు. రెండు, తిండి. డాక్టర్ అక్రాయిడ్ చెప్పిన కేలరీల ప్రకారం. మూడు, బట్టలు. మనిషికి ఏడాదికి 18 గజాలు, నలుగురికి 72 గజాలు. నాలుగు, ప్రభుత్వం కార్మికులకు కట్టించే ఇళ్ళకు వసూలు చేసే కనీస అద్దె. ఐదు, వంటచెరకు, దీపం, చిల్లర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం.

18 గజాలంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆరు గజాల చీరలు మూడు. అంతే. జాకెట్టు గుడ్డ, లంగా, దుప్పటి, తువ్వాలు అందులోనే సర్దుకోవాలి. ఆ సూత్రం రాసినవాళ్ళలో ఒక్క ఆడమనిషి ఉన్నా, "అయ్యా, జాకెట్టు మాటేమిటి?" అని అడిగి ఉండేదేమో.

ఆడవాళ్ళ సంపాదన లెక్కలోకి తీసుకోకూడదన్న మాట చదివినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత నిదానంగా ఆలోచిస్తే దానికి రెండు వైపులున్నాయనిపించింది. "నీ పెళ్ళాం కూడా కూలికెళ్తోందిగా, నీకు అంత జీతమెందుకు?" అని యజమాని అనకుండా అది అడ్డుపడింది. పిల్లల్ని పనికి పంపితే తప్ప పూట గడవని జీతం, జీతమే కాదని చెప్పింది. అది మనకి రక్షణ. కానీ అదే మాట ఆడదాని సంపాదన అసలు లేనట్టే చూడటం కూడా నేర్పింది. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

ఇంకో సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. అక్రాయిడ్ గారు 1935 నుంచి పదేళ్ళు నీలగిరుల్లోని కూనూరులో పోషకాహార పరిశోధనశాలకి డైరెక్టరుగా ఉన్నారు. ఆ పరిశోధనశాల తర్వాత 1958లో హైదరాబాదు వచ్చింది. అదే ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. మేముండేది హబ్సిగూడలో. కూరగాయల సంచితో ఆ ప్రహరీ పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో! మా నాన్న జీతానికి మూలమైన అన్నం లెక్క అక్కడివాళ్ళదేనని అప్పుడు నాకేం తెలుసు?

సూత్రాలైతే రాసుకున్నారు గానీ అమలు మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. రెండో వేతన సంఘం 1959లో నివేదిక ఇచ్చేటప్పుడు ఆ లెక్కని ఒప్పుకోలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు 1960 జూలైలో ఐదు రోజులు సమ్మె చేశారు. 1968 సెప్టెంబరు 19న మళ్ళీ ఒక రోజు సమ్మె. అవసరాలకు తగ్గ కనీస వేతనం కావాలన్నదే అసలు కోరిక. వేలమందిని అరెస్టు చేశారు, ఉద్యోగాల్లోంచి తీసేశారు. మా క్వార్టర్ల వరసలో ఉండే పెద్దవాళ్ళు ఆ రోజుల గురించి చెప్పుకుంటుంటే చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఆ మూడు చీరల గుడ్డ కోసం కూడా ఎవరో జైలుకి వెళ్ళారని ఇప్పుడు తెలిసింది.

కేంద్ర ఉద్యోగుల కనీస జీతం చూడండి. మొదటి వేతన సంఘం నాటికి కరువు భత్యంతో కలిపి 55 రూపాయలు. రెండోదానికి 80. మూడోదానికి 196. నాలుగోదానికి 750. ఆ తర్వాత 2550, 7000. 2016 జనవరి 1 నుంచి 18,000. ఈ 18,000 కూడా 1957 నాటి సూత్రాన్ని పట్టుకుని కట్టిందే. ఏడో వేతన సంఘం పట్టిక తీసి చూశాను. మూడు యూనిట్లకు నెలకి బియ్యమో గోధుమలో 42.75 కిలోలు, పప్పు 7.2 కిలోలు, పాలు 18 లీటర్లు. బట్టలు నెలకి 5.5 మీటర్లు. నెలంతా కలిపి ఇంటిల్లిపాదికీ ఒక చీర పొడుగు. ఏడాదికి లెక్కేస్తే అదే 72 గజాలు. అరవై ఏళ్ళయినా గజం కదల్లేదు!

ఇక్కడే నాకు అసలు విషయం తట్టింది. ఆ పట్టికలో బియ్యం ఉంది, పప్పు ఉంది, నూనె ఉంది. అన్నం లేదు. పప్పుచారు లేదు. 7.2 కిలోల పప్పులో రాళ్ళేరి, కడిగి, ఉడకేసి, పోపు పెట్టే మనిషి ఖర్చు ఎక్కడా లేదు. 18 లీటర్ల పాలు కాచి తోడేసే చెయ్యి లేదు. జ్వరమొచ్చిన 0.6 యూనిట్ పక్కన రాత్రంతా మేలుకునే 0.8 యూనిట్‌కి ఏ వరసలోనూ రూపాయి లేదు. వస్తువులు కొనడానికి జీతం సరిపోతే చాలు, వాటిని బతుకుగా మార్చే మనిషి ఇంట్లో ఎలాగూ ఉంటుంది అన్న నమ్మకం మీద ఆ లెక్కంతా నిలబడింది. మనం ఆ లెక్కకి పునాదిలో ఉన్నాం. పునాది కాబట్టే పైకి కనపడం.

అమ్మ జమాఖర్చుల పుస్తకం దాని పక్కన పెట్టి చూస్తే సరదాగా ఉంటుంది. పాలు, బియ్యం, కిరసనాయిలు, చీటీ, పండగ, ఊరి ప్రయాణం. నెలాఖరు వరసలో చాలాచోట్ల "సర్దుబాటు" అని ఒక్క మాట ఉంది. దాని ఎదురుగా అంకె లేదు. ఏమిటమ్మా ఇది అంటే, "ఆ నెల చాలలేదు, ఎలాగో సర్దాను" అంది. ఎలా సర్దింది? పాత చీరతో మాకు పరికిణీలు కుట్టింది. ఆవకాయ ఏడాదికి సరిపడా పెట్టింది. పక్కింటి పిల్లలకి జాకెట్లు కుట్టి పెట్టింది, వాళ్ళు బదులుగా కంది పప్పు ఇచ్చారు. ఆ అంకె వేయని గడిలో ఉన్నది అమ్మ సంపాదన.

పిల్లల చదువు మాట 1957 సూత్రంలో విడిగా లేదు. 1991లో సుప్రీంకోర్టు ఒక కంపెనీ కేసులో, పిల్లల చదువు, వైద్యం, పండగలు పబ్బాలు, కాస్త వినోదం, ముసలితనం, పెళ్ళిళ్ళు, వీటికి కనీస వేతనంలో ఇంకో 25 శాతం ఉండాలని చెప్పింది. మనందరి ఇళ్ళలో జీతం తినేసేది ఆ 25 శాతమే కదా. మా ఇంట్లో అయితే స్కూలు ఫీజులు ఒక్కటే దాన్ని దాటేశాయి.

నా సంగతి చెబుతాను. పెళ్ళికి ముందు నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. పెద్దది పుట్టాక మానేశాను. ఎవరూ మానెయ్యమనలేదు. నా జీతం, బస్సులకీ పిల్లని చూసుకునే మనిషికీ పోను మిగిలేది లెక్కేస్తే ఆరొందలు. "ఆరొందల కోసం దాన్ని వదిలి వెళ్ళాలా?" అనుకున్నాను. ఈ నిర్ణయానికి నేను బాధపడటం లేదు. పిల్లలిద్దరికీ నా దగ్గర దొరికినవి నాకు తెలుసు. కానీ ఆ లెక్కలో నేను ఒక తప్పు చేశాను. ఆ ఏడాది ఆరొందలే చూశాను గానీ, పదేళ్ళకి పెరిగే జీతం, పీఎఫ్, నా పేరు మీద ఉండే ఖాతా ఇవేవీ చూడలేదు. లెక్కల టీచర్ని అయ్యుండి!

ఆ తప్పు నాకు తెలిసొచ్చింది నాన్న పోయినప్పుడే. కుటుంబ పింఛను వరకు అమ్మకి ఇబ్బంది లేకుండా వచ్చింది. కానీ రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు నాన్న తన ఒక్కడి పేరు మీదే డిపాజిట్లు వేశారు. నామినీ గడి ఖాళీ. మోసం చేద్దామని కాదు, పాపం. "మీ అమ్మకి ఈ బ్యాంకుల గొడవెందుకులే" అనుకున్నారు, అంతే. ఎనిమిది నెలలు తిరిగాం. వారసుల ధ్రువపత్రం, అఫిడవిట్లు, మా అన్నయ్య సంతకాలు. ఒక ఫారంలో "వృత్తి" దగ్గర కౌంటర్లో అబ్బాయి తనే "నిల్" అని రాసేశాడు. నలభై ఆరేళ్ళ జమాఖర్చులు రాసిన మనిషి ఆ కాగితం మీద వేలు పెట్టి, "నిల్ అంటే ఏమిటమ్మా?" అని నన్నడిగింది. ఏమీ లేదు అని అర్థమని నేను చెప్పలేదు. ఇంటిపని అని అర్థం అన్నాను. అబద్ధం చెప్పానా, నిజం చెప్పానా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఇంటిపనికి విలువ కట్టక తప్పని చోటు ఒకటుంది. కోర్టు. అదీ మనిషి పోయాక. 1989లో జంషెడ్‌పూర్‌లో ఒక వేడుకలో జరిగిన అగ్నిప్రమాదంలో చాలామంది మహిళలు, పిల్లలు చనిపోయారు. గృహిణుల సేవ విలువ ఎంత అన్న ప్రశ్న వచ్చింది. 2001లో సుప్రీంకోర్టు 34 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకు నెలకి 3,000 రూపాయలుగా లెక్కించింది. అప్పటికి మోటారు వాహనాల చట్టంలో ఇంకో కొలత ఉండేది. సంపాదన లేని జీవిత భాగస్వామి విలువ సంపాదించే వారి ఆదాయంలో మూడో వంతు. 0.8 కాస్తా 0.33 అయిందన్నమాట! 2001 జనగణనలో గృహిణుల్ని ఉత్పాదకత లేని పని కింద బిచ్చగాళ్ళు, ఖైదీలు మొదలైన వారితో కలిపి చూపించడాన్ని 2010లో సుప్రీంకోర్టు తప్పు పట్టింది.

2021 జనవరిలో ఇంకో తీర్పు వచ్చింది. అందులో గృహిణుల పని గురించి ప్రత్యేకంగా రాసినది అప్పటి మన కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్ళిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు. 2011 జనగణన ప్రకారం ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లని, మగవాళ్ళు 58 లక్షలని గుర్తుచేశారు. 2019 నాటి జాతీయ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్ళు 97 నిమిషాలని తేలింది. 299 నిమిషాలంటే ఐదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. ఆ ఒక్క నిమిషం మనం కాఫీ తాగుతాం కాబోలు.

బతికుండగా హక్కు గురించి మాట్లాడిన తీర్పు 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టుది. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన భర్త, ఇక్కడ పిల్లల్ని, ఇంటిని చూసుకున్న భార్య. అతని సంపాదనతో కొన్న ఆస్తిలో ఆమె శ్రమ కూడా ఉందని, సమాన వాటాకి హక్కుందని కోర్టు చెప్పింది. 2024 జూలైలో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక భరణం కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ నాగరత్న, సొంత ఆదాయం లేని భార్యకు ఉమ్మడి ఖాతా, ఏటీఎం కార్డు లాంటివి ఉండాలని భర్తలకు గుర్తు చేశారు. తీర్పులో ఏటీఎం కార్డు మాట చూసి, ఈవిడ మన ఇళ్ళు చూసిన మనిషి అనుకున్నాను.

ఇదంతా చదివాక నేను మా వారితో కూర్చున్నాను. పోట్లాటకి కాదు, లెక్కకి. ఆయన ముందు, "నా డబ్బంతా నీదే కదా, ఇప్పుడు కాగితాలెందుకు?" అన్నారు. మా నాన్న కూడా సరిగ్గా ఇదే మాట అనేవారని చెప్పాను. అమ్మ ఫైలు తెచ్చి ఎదురుగా పెట్టాను. ఆయన ఎనిమిది నెలల కాగితాలూ ఒక్కొక్కటీ తిప్పి చూశారు. మర్నాడు సెలవు పెట్టారు. జీతం పడే ఖాతాలో నా పేరు చేర్చాం. డిపాజిట్లకి, పీఎఫ్‌కి, భీమాకి నామినీలు సరిచూశాం. రెండింటిలో ఇంకా మా అత్తగారి పేరే ఉంది, పెళ్ళికి ముందు రాసింది! నా పేరు మీద ఒక పీపీఎఫ్ తెరిచాం. మొదటి తారీఖున అద్దె, ఫీజులు, పాలు ఎలా వెళ్తాయో అలాగే దాంట్లోకి కొంత వెళ్తుంది. మిగిలితే వేసే డబ్బు కాదు అది.

ఒక జీతం మీద ఇల్లు నడపడం గొప్పా కాదు, తప్పూ కాదు. రెండు జీతాలు తెచ్చే ఆడవాళ్ళకి ఈ 299 నిమిషాలు తప్పుతున్నాయా ఏమన్నానా? మీరు ఉద్యోగం మానాలో, చేరాలో నేను చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈ ఆదివారం మీ ఇంట్లో ఉన్న పాసుబుక్కులన్నీ ముందేసుకుని, నామినీ గడులు చూడండి. అరగంట పని.

మొన్న అమ్మ తన పాత జమాఖర్చుల పుస్తకం అడిగి తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని ఎన్నో పేజీలు తిప్పింది. ఒక పేజీ దగ్గర ఆగి, "సర్దుబాటు" ఎదురుగా ఖాళీగా ఉన్న చోట పెన్సిలుతో ఏదో రాసింది. తర్వాత చూశాను. 1981 ఆగస్టు, సర్దుబాటు, 40 రూపాయలు. జాకెట్లు ఎనిమిది, ఒక్కోటి ఐదు చొప్పున. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం నాలుగు పేజీలు పూర్తి చేస్తోంది.